వేడి వస్తువులు చెల్లవు

మా ఇసుక పేటకు పేరే సజా.
పెట్టినోడు అరబ్బీల ఏమనుకొని పెట్టిండో గాని
మాకు ఉర్దూలనే అర్థమైంది.

సూపర్ మార్కెట్ల మూడో కౌంటర్ నాది.
చేతి కింద నల్ల పట్టీ, కండ్ల ముంగట ఎర్ర దీపం.
కంపెనీ మూతపడ్డ క్యాంపోళ్లకు సర్కారు ఇచ్చిన పచ్చ కార్డు
శుక్రవారం శుక్రవారం నిండుతది,
నలభై దిర్హాములు.
శనివారం పొద్దుగాల్లకే నా ముంగట వరుస.

కార్డుకు జాబితా ఉన్నది.
బియ్యం ఐతది, కందిపప్పు ఐతది, లీటరు నూనె ఐతది.
సబ్బు కాదు.
కొబ్బరినూనె వంటదైతే ఐతది, తలదైతే కాదు,
లోపల నూనె ఒక్కటే, సీసా మీద బొమ్మ వేరు.
నిమ్మకాయ ఐతది. నిమ్మకాయ తొక్కు కాదు.
బ్లేడు కాదు.
గడ్డంతోని పోతే కొత్త కంపెనీల గేటు కూడ దాటనియ్యరు గదా అన్నడొకడు.
మెషిన్‌కు గడ్డం తెల్వదు తమ్మీ.

వీరవేణి, అమలాపురం దిక్కామె, ఆఫీసులు కడిగే పని,
ఒక ప్యాకెట్‌ను పేపర్ల చుట్టి పట్టీ మీద పెట్టింది.
మెషిన్ కూసింది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
ప్యాకెట్ ఎనుకకు పోయి షెల్ఫుల కూసున్నది,
రెండు కిలోల పప్పు ఆమె వెంట పోయింది.
సాయంత్రానికి అదే పప్పు
పక్క గల్లీ బఖాలాల సగం ధరకు దిగింది.
అక్కడ అన్నీ దొరుకుతయి.

కాదు అనే మాట నాకు ఆరు భాషలల్ల వస్తది.
తెలుగుల చెప్పుడే కష్టం.
తెలుగుల కాదంటే ఎదుటోడు
ఎందుకంటడు.

నిన్న లింబాద్రి వచ్చిండు.
మెట్‌పల్లి దిక్కు, సెంట్రింగ్ పని, ఐదు నెలల జీతం బాకీ.
బియ్యం సంచి దిక్కు చూసిండు, ఎత్తలేదు.
“పొయ్యి లేదన్నా. కరెంటు కోసేసిండ్రు,
సిలిండర్లు ఫోర్‌మన్ అమ్ముకొని పోయిండు.
బియ్యం ఎట్ల తినాలె, కోడి లెక్కనా?”
గుల్ జమాన్ భట్టీల నుంచి అప్పుడే తీసిన ఖుబూజ్‌లు రెండు
కాగితంల చుట్టి తెచ్చిండు.
కాగితానికి చెమట పట్టింది.

ఎర్ర దీపం.

వేడి రొట్టె అంటే హోటల్ తిండి.
చల్ల రొట్టె అంటే సరుకు.
జాబితా రాసినాయన మంచోడే కావచ్చు,
సర్కారు పైసలు బిర్యానీ పాలైతయని భయపడ్డడేమో.
ఏసీ గదిల కూసోని రాసి ఉంటడు,
అక్కడ చాయ్ కూడ తొందరగ చల్లారుతది.

ఎనుక పదిమంది. సుబైర్ సారు ఒకసారి తలెత్తి చూసిండు,
మళ్ల లెక్కల పడ్డడు.
“ఆగు” అన్న లింబాద్రితోని.
రొట్టెలను తీసుకపోయి పెరుగు డబ్బాల పక్కన,
చల్లగాలి నేరుగ కొట్టే కాడ పెట్టిన.
ఒకల తర్వాత ఒకల సరుకు కొడుతున్న.
లింబాద్రి నడుమ నడుమ పోయి
రొట్టె మీద చెయ్యి పెట్టి చూస్తుండు,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.
“ఇంక ఉన్నదన్నా.”
మళ్ల పోయిండు. “ఇంక కొద్దిగున్నది.”

పదకొండు నిమిషాలకు
ఆవిరి పోయింది, నువ్వుల వాసన పోయింది,
అంచులు అట్టలెక్క బిగుసుకున్నయి.
అప్పుడు గాని అది తిండి కాలేదు.
వేరే కోడ్ కొట్టిన.
మెషిన్ మెత్తగ పలికింది, రెండు దిర్హాములు తెగినయి.

రసీదు తీసుకోలేదు లింబాద్రి.
అద్దాల తలుపు దాటిండు.
బయట నలభై ఎనిమిది డిగ్రీలు,
రోడ్డు నీళ్ల లెక్క కదులుతుంది.
ఆగి ఉన్న లారీ మూతి మీద
రుమాలు పరిచి, దాని మీద రెండు రొట్టెలు పరిచిండు.
నీడకు రాలేదు. పక్కనే నిలబడ్డడు కావలి ఉన్నట్టు.
ఒకసారి తిప్పేసిండు.

నేను వచ్చిన సరుకు కొడుతనే ఉన్న,
నడుమ నడుమ అద్దంల నుంచి చూస్తున్న.
వేడెక్కినంక
తిన్నడు.